పోపుల పెట్టెలో కంప్యూటరు

ఏ డబ్బా కనిపించినా దాని మీద జాన చాపి కొలవడం మా బావకు అలవాటు. అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని, పాతకాలపు చిప్పులతో ఒక చిన్న కంప్యూటరు తయారుచేసుకున్నాడు. దాని ముందు కూర్చుంటే అక్క ఎన్నిసార్లు పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. దానికి తగిన పెట్టె మాత్రం కుదరలేదు. బజారులో దొరికే పెట్టె ఖరీదు కంప్యూటరుకైన ఖర్చును మించిపోయింది. అక్క స్టీలు డబ్బాలో పెడితే షార్టయింది. ప్లాస్టిక్ డబ్బా వేడికి వంగిపోయింది.

ఒకసారి అక్కకు పట్టుచీర కొనడానికి ధర్మవరం వెళ్లాం. అంగడాయన చీరలు పరుస్తుంటే బావ పక్కనున్న చీర పెట్టె మీద జాన చాపాడు.

"ఏమన్నా, చీర చూడకుండా డబ్బా చూస్తాండావు?" అన్నాడు అంగడాయన.

"చీర ఆమె చూసుకుంటాదిలే. ఈ అట్ట వేడికి తట్టుకుంటాదా?"

అక్క ఆ పెట్టెను బావ చేతికి అందకుండా పక్కకు జరిపింది.

ఆ ఆదివారం బావ వంటింటి గడపలో నిలబడి, అక్క చెక్క పోపుల పెట్టె వైపు చూస్తూ గాల్లోనే జాన చాపాడు. అడిగే ధైర్యం లేదు. అక్క అది చూసి, ఆవాలు, జీలకర్ర, ఇంగువ సీసాల్లోకి మార్చి, పెట్టె ఆయన చేతిలో పెట్టింది.

"తీసుకోప్పా. ఇంగ నా వంటింట్లో దేనిమీదా చెయ్యి చాపొద్దు."

ఇప్పుడా కంప్యూటరు కాస్త వేడెక్కితే చాలు, గదంతా ఇంగువ వాసన. బావ వెంటనే స్విచ్చి ఆపి కంచం ముందుకొస్తాడు. అక్క పిలవడం మానేసింది.