ముసురు రోజుల్లో రూతు మేడం

కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీ కీ అని అరవడం మొదలుపెట్టింది. మంచిర్యాలలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు నాది. వానాకాలమంతా నా చెవుల్లో ఈ అరుపే. బయట ఉరుము వినపడగానే నా చెయ్యి దానంతటదే నెట్ వైరు పీకేసింది. ఆ అలవాటు చేసింది రూతు మేడం. నాకు పని నేర్పిన మనిషి ఆవిడ.

ఆవిడ ఆఫీసుకు ఉద్యోగం అడగడానికి వెళ్లిన రోజు నా సర్టిఫికెట్ల వైపు చూడనైనా లేదు. "పెద్దగ ఉరిమితే ఏం జేస్తవు బిడ్డా?" అన్నారు. "భయపడ్త మేడం" అన్నాను. పకపకా నవ్వారు. "భయపడు, కని ముందుగాల వైరు పీకి భయపడు. పోయిన యేడు పిడుగు పడి కంప్యూటర్లు కాలినయి" అంటూ కుర్చీ చూపించారు. పొద్దున ఆఫీసు తెరవగానే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవారు. అందులో కరెంటాఫీసు వాళ్ల క్షేమం కూడా అడిగేవారు. నాకు నవ్వు ఆగేది కాదు.

పూర్తిగా నా చేతికే అప్పగించిన మొదటి సైట్, కరీంనగర్ వైపు ఒక మరమగ్గాల నేత సంఘానిది. చీరలు బాగా అమ్ముడుపోయేది బతుకమ్మ పండుగకే కాబట్టి ఆ లోపే తెరవాలి. ఈ పనిలో నిలదొక్కుకోకపోతే ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టుకోవడమేనని మా బాపు అప్పటికే తేల్చి చెప్పాడు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. కరెంటు వచ్చినట్టే వచ్చి పోయేది. ఫోన్లో మాట వినపడేది గానీ నెట్ అందేది కాదు. సంఘం వాళ్లు పంపాల్సిన చీరల ఫొటోలూ రాలేదు. అదీ నెట్ మహిమే అనుకున్నాను. చూస్తుండగానే గడువు రేపటికి వచ్చింది. "సాయంత్రం దాక చూద్దాం మేడం, వాన తగ్గుతదేమో" అన్నాను ఏడుపు గొంతుతో.

"వాన తగ్గుడు నీ చేతుల ఉన్నదా? ఫోన్ ఇటియ్యి" అని ఆవిడే సంఘం అధ్యక్షుడు రాజేశంకు ఫోన్ కలిపి, నాకు వినపడేలా స్పీకరు పెట్టారు. "రాజేశం అన్నా, దాచుడేం లేదు. మా తాన కరెంటు లేదు, నెట్ లేదు. మీ సైట్ రేపటికి కాదు. కరెంటు నిలవడంగనే చేస్తం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అటువైపు రాజేశం నవ్వాడు. "మంచిగ జెప్పినవు మేడం! మా తాన సుత కరెంటు లేక మగ్గాలు బంద్ వడ్డయి. చీరలే కాలే, ఇగ ఫొటోలు ఏడికెళ్లి పంపాలె? మీకెట్ల చెప్పాలెనో తెల్వక మొన్నటి సంది పరేషాన్ల ఉన్న."

నా నెత్తి మీది కొండ దిగినట్టయింది. కుర్చీలో కూలబడి ఏడుస్తూనే నవ్వాను. మాకు ముఖం చూపించలేక వాళ్లు, వాళ్లకు చూపించలేక నేను! వాన వెలిశాక అక్కడ మగ్గాలు, ఇక్కడ మా కంప్యూటర్లు జోరుగా నడిచాయి. పండుగ ఇంకా కొన్ని రోజులు ఉందనగానే సైట్ తెరిచాం. బాపు మళ్లీ బీడీల మాట ఎత్తలేదు.

మేడం ఇప్పుడు తన ఆఫీసు మూసేసి బెల్లంపల్లిలో కూతురి దగ్గర హాయిగా ఉంటున్నారు. ఆవిడ నేర్పిన పనిలో సగం పాతబడిపోయింది, కొత్తది నేనే నేర్చుకున్నాను. పని ఆగితే మాత్రం ఇప్పటికీ అవతలివాళ్లు అడగకముందే నేనే ఫోన్ చేస్తాను. వాళ్లు ఎత్తేదాకా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. కొందరు సరే అంటారు, కొందరు తిడతారు. ఆ తిట్లు పడ్డాక కూడా ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో!