ఖాజా లాగిన్‌లో తెరుచుకోని సాఫ్ట్‌వేర్

2006 మే నెలలో ఒక విత్తనాల కంపెనీ గోడౌన్లలో సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని మా కంపెనీకి వచ్చింది. నేను అప్పుడు కర్నూలులో సీనియర్ ఇంప్లిమెంటేషన్ ఇంజనీరుని. పేరు పెద్దదే గాని పని ఇంతే: క్లయింటు దగ్గరికి పోయి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వాడేవాళ్లకు నేర్పి, సంతకం పెట్టించుకుని రావడం. కర్నూలు జిల్లా గోడౌన్లు నాకు, కడప జిల్లావి ఓబులేసుకు ఇచ్చారు. అతనిది బద్వేలు. సర్వీసులో నాకన్నా ఆరేళ్లు వెనక. ఈ పని ముగిశాక మా ఇద్దరిలో ఒకరిని రీజనల్ ఇన్‌ఛార్జిని చేస్తానని మేనేజర్ ముందే చెప్పాడు. ఆ కుర్చీ నాదేనని నేను అనుకున్నాను.

ఆ క్లయింటు కంప్యూటర్లను తాకడమే గగనం. సీడీ డ్రైవులు పీకేశారు. యూఎస్‌బీ రంధ్రాల మీద లక్క సీలు వేశారు. గుమాస్తా తన లాగిన్‌లో గడియారం టైము కూడా మార్చలేడు. కొత్తది ఏది ఎక్కించాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది జిల్లాకొక సిస్టమ్స్ ఆఫీసరుకే తెలుసు. ఆయన కారులో వచ్చి, యూఎస్‌బీ సీలు తీసి, మనల్ని గోడవైపు తిరగమని, పాస్‌వర్డ్ కొట్టి, పని అయ్యేదాకా పక్కనే కూర్చుని, రిజిస్టరులో సంతకం తీసుకుని పోతాడు. తర్వాత ఏ తేడా వచ్చినా ఆయన మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే.

జూన్ వచ్చేసరికి ఓబులేసు మూడు గోడౌన్లు ముగించాడు. నా మొదటి గోడౌను నందికొట్కూరుకు ఆఫీసరు ఇంకా తారీఖే ఇవ్వలేదు. కడప ఆఫీసరు ఓబులేసుతో కలిసి భోంచేస్తాడని విన్నాను. నాకు కడుపు మండిపోయింది. వాడికి పని రాదు, మాటలతో నెట్టుకొస్తున్నాడని ఆఫీసులో నలుగురి దగ్గరా అన్నాను. ఒక్కో గోడౌనుకూ అతను పూర్తిగా ఒక రోజు తీసుకుంటున్నాడని తెలిశాక, నేను ఒక పూటలో ముగించి చూపించాలని పంతం పట్టాను.

చివరికి తారీఖు దొరికింది. నందికొట్కూరులో పొద్దున పదికి మొదలుపెట్టి ఒంటిగంటకల్లా ఎక్కించేశాను. తెరిచి చూశాను, ఒక విత్తనాల లాట్ నంబరు ఎక్కించి చీటీ ప్రింటు తీశాను. అన్నీ బాగున్నాయి. ఆఫీసరు సంతకం తీసుకుని ఆదోని పోయాడు. నేను బస్సెక్కక ముందే మేనేజర్‌కు ఫోన్ చేసి, ఒక్క పూటలో అయిపోయిందని రెండుసార్లు చెప్పాను.

ఆ రాత్రి వాన పడింది. తెల్లారి గోడౌన్ గుమాస్తా ఖాజా ఫోన్ చేశాడు. "సార్, అది తెరుచుకోవడంల్యా. ఇట్ల వచ్చి అట్ల మూసుకుంటాండాది. ఈడ రైతులు శానా మంది ఉండారు." లాట్ నంబరున్న చీటీ లేకుండా ఒక్క పాకెట్ కూడా గోడౌన్ దాటకూడదని ఆ కంపెనీ నియమం. నేను పోయేసరికి గేటు ముందు వంద మంది దాకా ఉన్నారు. ఒక పెద్దాయన నన్ను పైనుంచి కిందకు చూసి, "ఏమప్పా, నీ మిషన్ కోసరం విత్తే పదును ఆగతాదా?" అన్నాడు.

ఖాజా లాగిన్‌లో కూర్చున్నాక తప్పు తెలిసింది. నేను పరీక్షించిందంతా ఆఫీసరు తెరిచిన అడ్మిన్ లాగిన్‌లో. మా సాఫ్ట్‌వేర్ తన ఫైలును ఒక ఫోల్డరులో రాసుకుంటుంది. మామూలు లాగిన్‌కు అక్కడ రాసే అనుమతి లేదు. ఆఫీసరుకు ఫోన్ చేస్తే మూడు రోజుల దాకా రాలేనన్నాడు. గత్యంతరం లేక ఓబులేసుకు చేశాను.

విషయం వినగానే చెప్పాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేవకముందే గుమాస్తాను అతని లాగిన్‌లో కూర్చోబెట్టి పది చీటీలు తీయిస్తాడట. ఎక్కడ ఆగితే అక్కడ ఆఫీసరు చేతే అనుమతి ఇప్పిస్తాడట. రోజంతా పట్టేది అందుకే. "అయినా ఇదంతా పోయిన వారమే మెయిల్ పెడితి గదన్నా, చూడలేదా?" అన్నాడు.

వచ్చింది. పంపినవాడి పేరు చూసి నేనే తెరవలేదు. రాలేదని చెప్పాను.

మూడు రోజులు గోడౌన్ మూతపడింది. కొందరు రైతులు కర్నూలు పోయి దొరికిన రకం తెచ్చుకున్నారు. ఆఫీసరు వచ్చి ఆ ఫోల్డరుకు అనుమతి ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టింది.

నెలాఖరు మీటింగులో మేనేజర్ నన్ను నిలదీశాడు. నేను నోరు తెరిచేలోగా ఓబులేసు లేచి, "నేను పంపింది అన్నకు చేరలేదంట సార్. ఫోన్ చేసి చెప్పుండాల్సింది, తప్పు నాదే" అన్నాడు. నిజం చెప్పడానికి అప్పుడు అవకాశం ఉంది. నేను తలవంచుకుని కూర్చున్నాను. ఇన్‌ఛార్జి పదవి అతనికే వచ్చింది. ఆ మాట నమ్మి అన్నాడో, తెలిసి నన్ను కాపాడాడో నేను ఎన్నడూ అడగలేదు. తెలిసే అన్నాడని తేలితే అతని మీద నాకు ఇంకా ఎక్కువ అసూయ కలిగేది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది, ఇన్‌స్టలేషన్ వాడేవాడి లాగిన్‌లో నడిచాకే పూర్తయినట్టు అని. రిటైరయ్యేదాకా అతని కిందే పనిచేశాను. అసూయ పోలేదు. అతని మెయిల్ మాత్రం అన్నిటికన్నా ముందు తెరిచేవాణ్ణి.