మూత పడని డబ్బా

మా వదిన ఏదీ పారెయ్యదు. ఈ సంగతి అన్నయ్య పెళ్ళైన కొత్తలోనే మా అందరికీ తెలిసిపోయింది. పాల ప్యాకెట్లు కడిగి దండెం మీద ఆరేస్తుంది. చిరిగిన దిండు గలీబు చేతిసంచి అవుతుంది, చేతిసంచి చిరిగితే మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ చివికిపోయినా ఇంట్లో దానికి ఇంకేదో ఉద్యోగం దొరుకుతుంది. ఈ ఇంట్లో రిటైరయ్యే భాగ్యం ఎవరికీ లేదని అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

నేను ఆవిడ ఆడపడుచుని. అది చాలదన్నట్టు ఇద్దరం ఒకే బళ్ళో పనిచేస్తున్నాం. నేను లెక్కలు చెబుతాను, ఆవిడ పక్క గదిలో సైన్సు చెబుతుంది. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. ఆవిడ పాఠం మొదలెట్టిందంటే నా పిల్లలు కూడా లెక్కలు వదిలేసి అటే చెవి వేస్తారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి నేనూ చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయేదాన్ని.

ఆవిడకి ఏదీ పారెయ్యని ఈ పిచ్చి వాళ్ళ నాన్న దగ్గర పట్టుకుంది. ఆయన వీధి మలుపులో చిన్న బల్ల వేసుకుని గొడుగులు బాగుచేసేవారు. వదిన ఆ బల్ల పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగింది. ఎవరైనా గాలికి తిరగబడిపోయిన గొడుగు తెచ్చి ఇక దీని పని అయిపోయిందండీ అంటే, ఆయన దాన్ని కూతురి చేతికిచ్చి, "ఇందులో ఏది బతికుందో చూడమ్మా," అనేవారట. ఒక పుల్ల బతికుండేది, లేకపోతే పిడి బతికుండేది. ఏదో ఒకటి ఎప్పుడూ బతికే ఉండేదని వదిన ఇప్పటికీ బళ్ళో పిల్లలకి కళ్ళు పెద్దవి చేసి చెబుతుంది.

మా బడి వెనక గోడ పక్కన ఒక పెద్ద ఇనప చెత్తడబ్బా ఉంది. దానికి మూత కూడా ఉంది, కానీ అది మూత అని మాకెవరికీ గుర్తులేదు. చెత్త అంచులు దాటి పైకి పొంగుతూ ఉంటే, ఆ మూత వెనక్కి తెరుచుకుని గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. దాని మీద కాకులు కూర్చుంటాయి. వదిన చెత్త గురించి పాఠం చెప్పినప్పుడల్లా పిల్లల్ని తీసుకెళ్ళి ఆ డబ్బా చూపించేది. వాళ్ళు ముక్కు మూసుకుని చూసి వచ్చేవాళ్ళు. డబ్బా మాత్రం మారలేదు.

ఈ కథంతా ఒక ఖాళీ గది వల్ల వచ్చింది. స్టాఫ్‌రూము పక్కన పాత సామాన్ల గది ఉంది. దాన్ని బాగుచేతల గదిగా ఇమ్మని వదిన ఎన్నేళ్ళనుంచో అడుగుతోంది. పిల్లలు విరిగిన కుర్చీ, ఊడిన బ్యాగు జిప్పు, ఆగిపోయిన గడియారం తెచ్చుకుని తమ చేతుల్తో విప్పి చూడాలి, పాఠం చేతుల్లోంచి తలకెక్కాలి అని ఆవిడ వాదన. హెడ్మాస్టరు గారు చూద్దాం చూద్దాం అంటూ వచ్చి, ఒకరోజు చల్లగా చెప్పారు, ఆ గదిని ప్యాకెట్ తినుబండారాల కొట్టుకి ఇస్తున్నామని. నోటీసు కూడా తయారైంది. తల్లిదండ్రుల సమావేశంలో చదవడమే తరువాయి.

వదిన మొహం చూడాల్సింది. బళ్ళో ఇంకో గది లేదు. ఒకసారి కొట్టు వచ్చి కూర్చుందంటే ఇక కదలదు. పైగా అందులో అమ్మేదంతా నేరుగా ఆ ఇనప డబ్బాలోకే పోతుంది. ఈ మాటలన్నీ ఆవిడ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు, కాస్త ముక్కు మీద కోపం, అంతే. ఆయన విసుక్కుని, "పాఠాలు చెబితే చెత్త తగ్గుతుందా టీచర్ గారూ? ఆ డబ్బాకి మూత పడిన రోజున అడగండి, గది ఇచ్చేస్తాను," అన్నారు.

ఆయన మాటవరసకి అన్నారు. మా వదిన పట్టేసుకుంది.

"సమావేశం రోజుకి మూత పడితే గది నాదేనా?" అంది, స్టాఫ్‌రూమంతా వింటూండగా. ఆయన నవ్వి సరేనన్నారు. ఆ మూత పడేదేమిటి అన్న ధీమా ఆయనది.

ఇక ఆ రోజు నుంచి ఆవిడ కాళ్ళు నేలమీద నిలవలేదు. పిల్లలకి పోటీ పెట్టింది. ఇంట్లో పడేసే సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్కు కడిగి బడికి తేవాలి, రకం వారీగా వేరుచెయ్యాలి, ఏ తరగతి కుప్ప పెద్దదైతే ఆ తరగతి కొత్త గదిలో మొదట అడుగుపెడుతుంది. బడి బడంతా ఊగిపోయింది. పిల్లలు భుజాల మీద సంచులేసుకుని గలగలలాడుతూ వచ్చేవాళ్ళు. నా తరగతి కుప్ప ఎనిమిదో తరగతి కుప్ప కంటే చిన్నదైందని నేనే తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సీసాలు అడుక్కొచ్చాను. అంత నిమ్మళంగా ఉండే నన్నే ఇలా చేసిందంటే పిల్లల సంగతి చెప్పేదేముంది?

పాత సామాన్లు కొనేవాడు వచ్చి పనికొచ్చేవి పట్టుకెళ్ళాడు. పనికిరానివన్నీ డబ్బాలోకి వెళ్ళాయి. అప్పుడే అనుమానం రావాలి మాకు. డబ్బా తగ్గలేదు సరికదా, ఇంకా పొంగింది.

వదిన తరగతిలో ఒక పిల్ల ఉంది. దేనికైనా ఎందుకూ అని అడుగుతుంది కాబట్టి టీచర్లందరం దానికి ఎందుకమ్మాయి అని పేరు పెట్టుకున్నాం. ఒకరోజు పాఠం మధ్యలో అది లేచి, "టీచర్, మా తాతయ్యని ఇక ఆపెయ్యమని చెప్పనా?" అంది. ఏమి ఆపాలని వదిన అడిగింది. "కూల్‌డ్రింకులు. ఆయనకి పడదు. అయినా మన క్లాసు గెలవాలని తాగుతున్నాడు. ఇంట్లో అందరం తాగుతున్నాం. నిన్న ఇక తాగలేక మొక్కకి పోసేశాం."

చెక్క గోడ ఇవతల నేను చాక్‌పీసు కిందపెట్టి అటు చెవి వేశాను. తర్వాత నెమ్మదిగా ఇంకో పిల్లాడు తమ ఇంట్లోనూ అంతేనన్నాడు. ఇంకో అమ్మాయి వాళ్ళమ్మ సగం షాంపూ గిన్నెలోకి ఒంపి సీసా ఇచ్చిందట. చెత్త తగ్గించమని పోటీ పెడితే ఇంటింటా సీసాల కోసం సరుకు కొంటున్నారు.

ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంది. "పప్పులో కాలేశాను. కుప్ప పెద్దదవ్వాలన్నది నేనే కదా, వాళ్ళు చేసి చూపించారు," అంది. అన్నయ్య ఓదార్చడానికి చూసి, తాతయ్యా మొక్కా గుర్తొచ్చి పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. అది చూసి వదినకీ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఒక్క ఉదుటున లేచి పెట్టెలోంచి పెద్ద పాత పరదా బయటికి లాగింది. ఆవిడ అలా లేచిందంటే మర్నాడు బళ్ళో ఎవరికో మూడిందని అర్థం.

మూడింది డబ్బాకి. మర్నాడు వదిన పిల్లల ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పి పోటీ ఎత్తేసింది. ఎక్కువ పోగుచెయ్యడం కాదు, అసలు ఈ డబ్బాలోకి ఏం వస్తోందో, ఎందుకు వస్తోందో చూద్దాం పదండి అంది. ఎందుకు అన్నమాట వినగానే ఎందుకమ్మాయి అందరికంటే ముందు లేచింది. చేతులకి తొడుగులు వేసుకుని, పరదా పరిచి, ఆ రోజు చెత్తంతా దాని మీద కుమ్మరించారు.

పిల్లలు ముక్కు మూసుకోలేదు. నిధి దొరికినట్టు మీదపడ్డారు. అరటి తొక్కలు, తినగా మిగిలినవి ఒక కుప్ప. రేపర్లు ఒక కుప్ప. ఇంకా రాస్తున్న పెన్నులు, చక్కగా ఉన్న స్కేలు, ఒంటి బూటు, పళ్ళు తోముకునే బ్రష్షు, పుల్లలు విరిగిన గొడుగు ఒక కుప్ప. దానికి వదిన బతికున్నవి అని పేరు పెట్టి గోడ వారగా దాచింది. అన్నిటికంటే పెద్దది కాగితాల కుప్ప. అందులో సగానికి సగం హెడ్మాస్టరు గారి నోటీసులే. పిల్లకొకటి చొప్పున పంచడం ఆయన అలవాటు, చదివి పడెయ్యడం పిల్లల అలవాటు. అన్నిటికీ పైన ఉన్నది పరిసరాలు శుభ్రంగా ఉంచాలన్న నోటీసు. నా లెక్కల పరీక్ష కాగితాలు కూడా కనిపించాయనుకోండి, అది వేరే సంగతి.

ఎందుకమ్మాయి ఆ నోటీసు పట్టుకుని నేరుగా ఆఫీసు గదికి వెళ్ళింది. "సార్, దీని వెనకవైపు ఖాళీగా ఉంది. ఒక్కొక్కళ్ళకీ ఒకటి ఎందుకు?" అని అడిగింది. మర్నాటి నుంచి తరగతికి ఒక్క నోటీసే వచ్చింది, గోడకి అంటించడానికి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు తెలీదు. తొక్కలు పెరట్లో తవ్విన గోతిలోకి వెళ్ళాయి. ఒకవైపు రాసిన కాగితాలు కుట్టి రఫ్ పుస్తకాలు చేశారు. నా తరగతిలోనూ చేయించాను, మరి నాకూ పౌరుషం ఉంటుందిగా. రేపర్లు తేవద్దని ఎవరూ అనకుండానే పిల్లలు ఇంటినుంచి మూతగిన్నెల్లో తెచ్చుకోవడం మొదలెట్టారు. చివరి గంట కొట్టగానే అందరూ గేటు వైపు కాకుండా డబ్బా వైపు పరిగెత్తేవాళ్ళు. ఇవాళ ఎంత కిందికి దిగిందో చూసి కేరింతలు కొట్టేవాళ్ళు. వాళ్ళ వెనకాల నేనూ తొంగి చూసేదాన్ని.

సమావేశం రోజు వచ్చింది. డబ్బాలో చెత్త అంచుకి చాలా కిందుంది. మొత్తం బడి పెరట్లో చేరింది. హెడ్మాస్టరు గారు జేబులో మడతపెట్టిన కొట్టు నోటీసుతో వచ్చారు. వదిన చేతులు తుడుచుకుని, మూత అంచు పట్టుకుని ముందుకి లాగింది.

మూత కదల్లేదు.

వ్యాయామం మాస్టారు వచ్చి చెయ్యి వేశారు. నేనూ వేశాను. ఊహూ. ఏళ్ళ తరబడి తెరిచే ఉండి, మూత మడతబందులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. డబ్బా నిండకుండా ఎలా చూడాలా అని తప్ప, మూత అసలు పడుతుందా అని మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. హెడ్మాస్టరు గారికి కూడా ఇబ్బందిగానే ఉన్నట్టుంది, వదిన మొహం వైపు చూడలేదు. "మూత పడాలన్నది మాట కదా టీచర్ గారూ. పెద్దవాళ్ళు హాల్లో కూర్చుని ఉన్నారు. ముందు పిల్లల చదువుల గురించి మాట్లాడి, చివర్లో నోటీసు చదువుతాను. ఈలోపు పడితే సరే," అని వెళ్ళిపోయారు.

వదిన అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన్ని నాలుగు అడిగేద్దామని బయల్దేరబోయాను. ఇంతలో ఎందుకమ్మాయి బందుల దగ్గర వంగి, "టీచర్, ఇందులో ఏది బతికుందో చూద్దామా?" అంది.

ఆ మాట వినగానే వదిన మొహం మళ్ళీ వెలిగింది. పిల్లలు బతికున్న కుప్ప దగ్గరికి పరిగెత్తారు. బ్రష్షు వచ్చింది. వ్యాయామం మాస్టారి సైకిలు సంచిలోంచి నూనె సీసా వచ్చింది. వదిన విరిగిన గొడుగు అడిగింది. ఒక పుల్ల ఊడదీసి, కొస వంచి, బందు సందులోకి దూర్చి తుప్పు గోకడం మొదలెట్టింది. ఆ చేతులు అంత వేగంగా ఆడడం నేను అంతవరకూ చూడలేదు. తుప్పు ఎర్రగా రాలింది. పుల్ల వెంబడి నూనె చుక్క చుక్కగా లోపలికి జారింది. హాల్లోంచి హెడ్మాస్టరు గారి గొంతు వినిపిస్తూనే ఉంది. చదువుల సంగతి అయింది. ఆటల సంగతి అయింది. ఇక చివరగా ఒక ముఖ్య విషయం అన్నారు.

"తొయ్యండి," అంది వదిన. అందరం కలిసి తోశాం. మూత కిర్రుమంది. మళ్ళీ తోశాం. ఒక్క జాన కదిలింది. మూడోసారి తోసేసరికి మా చేతుల్లోంచి తప్పించుకుని తనంతట తనే పడింది.

ఆ ధడేల్‌మన్న చప్పుడు ఆ బళ్ళో ఎవరూ ఎన్నడూ విని ఉండరు. కాకులన్నీ లేచిపోయాయి. ఏం కూలిందోనని హాల్లో ఉన్న తల్లిదండ్రులంతా పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు ఆయాసపడుతూ హెడ్మాస్టరు గారొచ్చారు. పిల్లలు గంతులేస్తున్నారు, నేను వదినని వాటేసుకుని ఏడుస్తున్నాను, ఆవిడ నా వీపు మీద రెండు నూనె చేతుల ముద్రలు వేసింది.

ఆయన మూత చుట్టూ తిరిగి చూశారు. ఎత్తి, మళ్ళీ వదిలారు. ధడేల్‌మంది. ఇంకోసారి ఎత్తి వదిలారు. రెండోసారి ఆయన సరదా కోసమేనని అందరికీ తెలిసిపోయింది. తర్వాత జేబులోంచి నోటీసు తీసి, మడత విప్పి, వెనక్కి తిప్పి చూశారు. తెల్లగా ఉంది. పెన్ను కోసం తడుముకుంటుంటే ఎందుకమ్మాయి బతికున్న కుప్పలోంచి ఒకటి తెచ్చిచ్చింది. ఆయన డబ్బా మూత మీదే కాగితం పెట్టుకుని, బాగుచేతల గది అని పెద్ద అక్షరాల్తో రాసి, సంతకం చేసి వదినకిచ్చారు.

నేను ఆ కాగితాన్ని గది తలుపుకి అంటిస్తుంటే వదిన వెనకాల నిలబడి, "మెల్లిగా అంటించు, ఊడదీసినప్పుడు చిరక్కూడదు, మళ్ళీ పనికొస్తుంది," అంది.

"రెండువైపులా అయిపోయింది కదా వదినా."

"అంచులు ఖాళీగానే ఉన్నాయిగా," అంది తాళం తీస్తూ.