అవి దెబ్బలు కావు

ఒమన్ దేశం సలాలాలో నేను పనిచేసే ఇంటి పక్కింట్లో పనిచేసే కడప అక్క పోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు. శవాన్ని ఊరికి పంపాక, అక్కడ స్నానం చేయించిన ఆడవాళ్లు ఆమె వీపు మీద ఎర్ర చారలు చూశారట. అంతే, అరబ్బు ఇంట్లో కొట్టి చంపారని గుప్పుమంది. మీ చెవినా పడే ఉంటుంది. ఎవరూ కొట్టలేదు. ముందురోజు నడుం లాగుతోందంటే ఆ చారలు గీసింది నేనే.

ఆ విద్య ఆమెకు సలాలా పక్కనే ఉన్న రైసూత్‌లో అబ్బింది. అక్కడ ఒక చైనా వాళ్లింట్లో పనిచేసేటప్పుడు మెడ పట్టేస్తే, ఆ ఇంటి ముసలావిడ నూనె రాసి, పింగాణీ చెంచా అంచుతో గీకిందట. దాన్ని గ్వాషా అంటారు. అక్క చెవికది ఘోషాగా వినబడింది. ఎంత చెప్పినా మార్చుకోలేదు.

"తలుపేసుకోని ఆడోళ్లమే సేసుకునేది ఘోషా కాక ఇంకేందిమే?" అనేది.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్‌లు పడుకున్నాక నా రూమ్‌కి వచ్చేది. కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టేది. నేను మూలిగితే, "గోదారోళ్లు గీకకముందే అరుస్తారు" అని ఎకసెక్కం. జ్వరమొస్తే మాత్రం చెంచా ముట్టదు, ఆస్పత్రికి తోలేది. "చార లేస్తే నొప్పి దిగినట్టే" అన్నది ఆమె మాట. చెంచాకి దిగేదో ఆమె చేతికి దిగేదో నాకనవసరం.

ఆమెను పాపం అనకండి. ఒకసారి వాళ్ల మేడమ్ వేలు చూపించి అరిస్తే, స్టవ్ ఆర్పేసి కూర్చుంది. చివరికి మేడమే చాయ్ పెట్టి తెచ్చింది. అలాంటి మనిషి దెబ్బలు తిని చచ్చిందంటే నేను ఊరుకోను.

మొన్న ఆమె కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, మాయమ్మను ఎవరు కొట్నారు?"

ఉన్నదంతా చెప్పాను. నమ్మలేదు.

"నువ్వు ఆడనే పనిజేసుకోవాల గదా. భయపడి దాస్తాండావు."

నాకు ఒళ్లు మండింది. వీడియో కాల్ పెట్టమన్నాను. తలుపు గడియేసి, ఫోన్ గోడకు ఆనించి, దానికి వీపు తిప్పి కూర్చున్నాను. మా ఇంట్లోనే పనిచేసే శ్రీలంక అమ్మాయికీ అక్కే నేర్పింది. నా రూమ్‌లోనే ఉండిపోయిన అక్క చెంచా ఆమె చేతిలో పెట్టి గీకమన్నాను.

అటు ఆ పిల్ల చూస్తోందో ఏడుస్తోందో నాకు కనబడదు. సన్నగా గొంతు వినబడింది.

"చార లేసింది పిన్నీ. మాయమ్మకు ఉన్నట్టే."

వాళ్లమ్మకు గీసినన్ని చారలూ చూడనీ, ఆపొద్దని శ్రీలంక అమ్మాయికి సైగ చేశాను.