కోళ్ళు పోయిన షెడ్డు

అక్కని మా ఇంట్లో అప్ప అంటాం. అప్పా బావా రామతీర్థం దగ్గరి ఊళ్ళో గుడ్ల కోళ్ళ ఫారం నడిపేవాళ్ళు. చీపురుపల్లి వైపు మాకున్న మెట్టలో పండిన మొక్కజొన్న ఏటా వాళ్ళ షెడ్డుకే వెళ్ళేది. ట్రాక్టరు ఆగగానే బావ ఓ గింజ తీసి పంటికింద పెట్టి కొరికేవాడు. "బాగా ఆరినాదిరా" అంటే బేరం అయిపోయినట్టే. ఆ మాట కోసమే నేను కల్లంలో ఇంకో రెండెండలు ఎక్కువ ఆరబెట్టేవాణ్ణి.

తర్వాత మా వైపు ఇథనాల్ ఫ్యాక్టరీ వచ్చింది. మొక్కజొన్ననీ నూకల్నీ పులియబెట్టి, పెట్రోల్లో కలిపే స్పిరిట్ తీస్తారక్కడ. దానికి గింజ కొనిపెట్టే దళారి లారీని నేరుగా కల్లానికే తోలుకొచ్చాడు. అతను చెప్పిన ధర బావ ఇవ్వగలిగిన ధర కాదు. గింజ ఎత్తకముందే బావకి ఫోన్ చేశాను.

"నన్నడుగుతావేటి? ఆడికే ఇచ్చీ" అన్నాడు బావ. "మెట్టోడి గింజకి ఇన్నాళ్ళకి మంచి రేటొచ్చినాది. నా మొకం సూసి నష్టపోతావేటి?"

"మరి నీ కోళ్ళకో?"

"నూకలేస్తాను. కోడికేటి తెలస్తాది?"

ఇచ్చేశాను. ఆ ఏడు మా ఇంటికి పెంకు తీసి శ్లాబు వేశాం.

అయితే మిల్లుల్లో నూకలు కూడా ఫ్యాక్టరీ లారీలే ఎక్కడం మొదలుపెట్టాయి. బావ పాతపట్నం దాకా వెళ్ళి వెతికాడు. దొరికినవి కొనేలా లేవు. గుడ్డు ధర మాత్రం వ్యాపారులు చెప్పిందే. మేతలో గింజ తగ్గించాడు. కోళ్ళు పక్కదాని ఈకలు పీక్కు తినడం మొదలెట్టాయి. అప్ప ఏరి తెచ్చే గుడ్లు పెంకు పలచనై చేతిలోనే చిట్లిపోయేవి.

అప్పుడెవరో పిప్పి సంగతి చెప్పారు. స్పిరిట్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టి దాణాగా అమ్ముతారు. బావ బస్తాలు దింపాడు. కొన్నాళ్ళు బాగానే జరిగింది. కోళ్ళు తిన్నాయి, గుడ్లు పెరిగాయి. "సూసినావా, మన గింజే తిరిగొచ్చినాది" అని ఫోన్లో నవ్వాడు. వానాకాలం షెడ్డు కప్పు కారి అడుగు వరస బస్తాలు చెమ్మగిల్లాయి. పైకి ఏమీ కనిపించలేదు. లోపల బూజు పట్టింది.

అప్ప ఫోన్ చేస్తే పొద్దున్నే బండి మీద వెళ్ళాను. బావ బోనుల మధ్య నడవలో సిమెంటు మీద కూర్చుని ఉన్నాడు.

"తల ఒంచుకుని నిలబడతన్నాయిరా. కూత లేదు, కొట్టుకోడం లేదు. సూస్తండగానే ఒరిగిపోతన్నాయి."

పశువుల డాక్టరు వచ్చి బస్తా కోసి చూపించాడు. బూజు విషం, ఆ మేత ఆపమన్నాడు. ఆపాడు. దాని బదులు వెయ్యడానికి వేరే మేత మాత్రం దొరకలేదు. గొయ్యిలో పూడ్చినవి పోగా మిగిలినవి మాంసానికి అమ్మేశాడు. వ్యానువాళ్ళు కాళ్ళు పట్టి తలకిందులుగా మోసుకుపోతుంటే ఒక కోడి అలా వేలాడుతూనే గుడ్డు పెట్టింది. అది గచ్చు మీద పడి పగిలింది. బావ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కొన్నాళ్ళకి నా దగ్గర గింజ కొన్న ఆ దళారే వాళ్ళింటికి వెళ్ళాడు. షెడ్డు రోడ్డు పక్కనుంది, గచ్చు గట్టిది, గొడౌనుకి ఇమ్మన్నాడు. బావ లేచి షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. అప్ప సరే అంది. బోనులు విప్పించి, కప్పు బాగు చేయించి, మొక్కజొన్న బస్తాలు వాసాల దాకా పేర్చారు. ఆ ఏడు నా పంట కూడా అక్కడికే చేరింది. దించుతున్నప్పుడు నేనూ ఉన్నాను. బావ అలవాటుగా గుప్పెట్లోకి గింజ తీసుకుని, కొరకకుండానే మళ్ళీ బస్తాలో వేసేశాడు.

పది రోజులు కాకముందే అప్ప ఫోన్ చేసింది.

"తమ్ముడా, మీ బావ తెల్లారగట్ల లెగిసి గొడౌను కాడికెల్లి నిలబడతన్నాడు. లోపల కోళ్ళు అరస్తన్నాయంట. నువ్వోపాలి రారా."

వెళ్ళి ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెలవారుతుండగా బావ లేచిన అలికిడికి నేనూ లేచి వెంట వెళ్ళాను. ఒకప్పుడు మేత వేసే వేళ అది. మంచు ఇంకా విడలేదు. బావ రేకు తలుపుకి చెవి ఆనించి, నన్నూ రమ్మని చెయ్యి ఊపాడు.

ఏమీ వినపడదనుకునే చెవి పెట్టాను. వినిపించింది. సన్నగా, లోతుగా, చాలా గొంతులు కలిసిన గురగుర. గింజ సర్దుకుంటోందనుకున్నాను, పురుగేమో అనుకున్నాను. బావ తాళం తీశాడు. బస్తాలూ దుమ్మూ తప్ప ఏమీ లేవు. మేం లోపలున్నంతసేపూ నిశ్శబ్దం. బయటికొచ్చి తలుపు వేయగానే మళ్ళీ మొదలైంది.

"ఎలకలు బావా" అన్నాను.

"ఇరవయ్యేళ్ళు ఇన్నానురా నాను. అది ఆకలి కూత. కడుపు నిండిన కూత ఏరేగుంటాది." నా వైపు తిరిగాడు. "ఇంత గింజ మద్దిన పెట్టుకుని ఇంకా ఆకలేటిరా ఈటికి?"

 ఆ గింజలో నాదీ ఉంది.

టీ తాగుతూ, బావ పెరట్లో ఉండగా, అప్పతో మెల్లగా చెప్పాను. "డాక్టరుకి సూపిద్దాం అప్పా. మనసు సెదిరినట్టున్నాది."

అప్ప పొయ్యి దగ్గర్నుంచి తల ఎత్తలేదు. "నీకు ఇనబడలేదేటి?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"నాకు మొదట్రోజు కాడ్నించీ ఇనబడతన్నాది. ఇద్దరం ఒప్పీసుకుంటే ఈ ఇంట్లో ఉండగలమేటిరా? అందుకే నాకేటీ ఇనబడ్డం లేదంటన్నాను మీ బావతోటి."

లారీలు వచ్చి గొడౌను ఖాళీ చేశాక మళ్ళీ సరుకు పెట్టడానికి దళారి వచ్చాడు. ఈసారి అప్పే వద్దంది. కారణం అడిగితే, బాగు చేయించిన కప్పే మళ్ళీ కారుతోందని చెప్పింది. బావ ఇప్పుడు పాల వ్యాను తోలుతున్నాడు. పొద్దున్నే ఊరూరా తిరుగుతాడు కాబట్టి ఆ వేళకి ఇంట్లో ఉండడు. అప్ప మాత్రం ఉంటుంది.

నేను ఇప్పటికీ మొక్కజొన్నే వేస్తున్నాను. మా మెట్టకి వేరే పంట గిట్టదు. మొన్న అప్పని చూడ్డానికి వెళ్ళినప్పుడు షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. గచ్చు కడిగి, మూలమూలలా ఊడ్చి ఉంది. నేను తలుపు వెయ్యబోతే ఆపింది. ఎందుకని అడిగితే, గాలాడనీ అంది.