తాత ప్రసాదం అడిగినవాళ్ళు

మా పక్కింటి హులిగెమ్మ ఇప్పుడు పిలవగానే తలుపు తీయదు. ముందు సందులోంచి చూస్తుంది. గడప దగ్గర బూట్లు కనబడితే లోపలికి పోయి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

ఆదోని పక్క మా పల్లెలో ఒక అవధూత సమాధి ఉంది. అందరం తాత అంటాం. హులిగెమ్మ మొగుడు నరసన్న అక్కడ పూజ చేసేవాడు, తత్వాలు పాడేవాడు. అమావాస్య భజనకు ముందు సమాధి మీద కాస్త గంజాయి పెట్టి, విభూతితో పాటు దాన్నే ప్రసాదంగా పంచడం పాత ఆచారం. అడిగినవాళ్ళకు లేదనకూడదు. అందుకని నరసన్న కంది చాళ్ళ మధ్య రెండు మొక్కలు పెంచేవాడు. ఆ మత్తులో పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి నేనైతే చూడలేదు. బస్టాండు ఎదురుగా లైసెన్సుతో నడిచే బ్రాందీ షాపు మాత్రం మా ఒక్క వీధిలోనే ముగ్గురు ఆడవాళ్ళ బొట్టు చెరిపింది. దాని మీద ఏ కేసూ లేదు.

పోయినేడు శ్రావణంలో నరసన్న సంతకు పోయినప్పుడు ఇద్దరు మనుషులు వచ్చి తాత ప్రసాదం కావాలన్నారు. మామూలు బట్టలు, మెరిసే బూట్లు. హులిగెమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, విభూతి పెట్టి, చిటికెడు ఆకు చేతిలో వేసింది. ఇంకాస్త అడిగితే, దూరం నుంచి వచ్చిన భక్తులని సంబరపడి చేనుకు తీసుకుపోయి మొక్కలు చూపించింది. వాళ్ళు పోలీసులు. చేను నరసన్న పేరున ఉంది కాబట్టి అతన్నే పట్టుకుపోయారు.

బెయిలు రాలేదు. లారీలకెత్తి అమ్మేవాడూ, దేవుడి కోసం రెండు మొక్కలు వేసినవాడూ గంజాయి చట్టం కళ్ళకు ఒకటే. దేశం మొత్తానికీ ఆ చట్టం అక్కర్లేదని నేను ఎవరి ముందైనా అంటాను. ఎవరేమనుకుంటే నాకేం?

జైల్లో నరసన్నకు ఆయాసం ముదిరింది. చూడబోయిన పెళ్ళాన్ని ఒక్క మాటా అనలేదు.

"అడిగినోళ్ళకు లేదంటామా యాడన్నా? నువ్వేం తప్పు జేసినావు?" అన్నాడట.

తిట్టి ఉంటే బాగుండేదని ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది. ఉగాదికి ముందు శవం వచ్చింది.

అప్పటి నుంచి పొద్దు వాలితే ఆమెకు చేనులో అతని పాట వినబడుతుంది. సగంలో ఆగిపోతుందట. తర్వాతి చరణం కోసం గట్టు మీద ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నాకేమీ వినబడదు. ఆ సంగతి ఆమెతో చెప్పలేను, ఆ చేను పక్కన ఒంటరిగా నడవనూ లేను.

మొన్న కోర్టుకు నేనే తోడు పోయాను. ముద్దాయి చనిపోయాడు గనుక కేసు మూసేశామని చెప్పి, జడ్జి ఆమెను ఇంటికి పొమ్మన్నాడు. హులిగెమ్మ కదల్లేదు.

"చెట్లు చూపించింది నేను సామీ. ఆయప్ప సంతకు పోయిండె, ఆయప్పకేం తెల్దు. నాకు శిక్ష ఎయ్యకుండ ఇంటికి పొమ్మంటే నేనెట్ల పోయేది?"

జడ్జి కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. తర్వాతి కేసు పిలవమన్నాడు.