నూకల కుండలో గరిక పోచ

మా వదిన పోయిందన్న కబురు నంద్యాల నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. ఆళ్లగడ్డలో మా ఇల్లు బస్సులు నిలిచే చోటికి దగ్గర. వాకిట్లో నిలబడి, "మీ వదినమ్మ లేదంటమ్మా. బయల్దేరి రమ్మన్నారు" అని చెప్పి, టికెట్ల సంచీ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. జ్వరమని తెలుసు గానీ ఇంత పని చేస్తుందని అనుకోలేదు.

వదినది ఆళ్లగడ్డ, నాది నంద్యాల. ముందు ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చింది, తర్వాత నేను ఆమె ఊరికి కోడలుగా వచ్చాను. "మనిద్దరం ఊళ్ళు మార్చుకుంటిమి" అని నవ్వేది.

అన్న నంద్యాలలో సైన్సు మాస్టరు. కప్ప పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద కప్ప పక్కన ఇంకో జంతువు బొమ్మ గీసేవాడు. దాని పేరు న్యూటు. కప్పకు చుట్టమే, కానీ పెద్దయ్యాక కూడా తోక పోదు. చూడ్డానికి బల్లిలా ఉంటుంది. మన వైపు ఉండదు, డార్జిలింగు కొండల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి గీశాడే గానీ అన్న దాన్ని కంటితో చూసింది లేదు. నా పెద్దోడు కడుపులో ఉన్న ఏడు, అక్కడి తేయాకు తోటలో గుమాస్తాగా ఉన్న స్నేహితుడొకడు సెలవుకొస్తూ, నీటిమొక్కలకు అంటుకున్న గుడ్లను గాజు సీసాలో తెచ్చిచ్చాడు. రైళ్ళలో అంత దూరమూ ఒళ్ళో పెట్టుకొచ్చాడట. మా ఎండలకు బతకవని అందరూ అన్నారు. అన్న వసారాలో ఒక మట్టి తొట్టిని తడి ఇసుకలో దించి, చుట్టూ తడిగోనెలు కట్టాడు. పిల్లలు బయటికి వచ్చాయి. చింతాకంత ఒళ్ళు, మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు.

చిక్కంతా తిండి దగ్గర వచ్చింది. అవి కదిలేదాన్నే తింటాయి. మెతుకు వేస్తే చూడను కూడా చూడవు. అంటే వాటి తిండిని కూడా ప్రాణంతో పెంచాలి. ఆ పని వదిన తీసుకుంది. ఒక కుండలో వరిగడ్డి నానేసింది. ఆ నీళ్ళలో పుట్టే కంటికానని పురుగులే మొదటి రోజుల్లో ఆ పిల్లలకు పాలు. మిగతా కుండల్లో ఎండకు పచ్చబడిన నీళ్ళు, వాటిలో చెరువు నుంచి తెచ్చిన, గెంతుతూ తిరిగే పురుగులు. అన్న వాటికేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. వదిన 'నూకలు' అంది. కొన్నాళ్ళకు అన్న కూడా నూకలనే అన్నాడు. ఆ నూకలకు మళ్ళీ మజ్జిగ చుక్కలు పడాలి, ఎక్కువైతే నీళ్ళు కుళ్ళిపోతాయి. ఒక కుండ చెడితే ఇంకోటి ఆదుకోవాలని పెరటి గోడ వెంబడి వరసగా పెట్టింది.

మా అమ్మ ఊరుకుంటుందా? "ఏందే ఇది, దోమలకు సత్రం కడతాండావా?"

"గుడ్డ కట్టినా లే అత్తా, దోమలు రావు."

"ఆ బల్లిపిల్లలకు చేసే మర్యాద నాకెప్పుడన్నా చేసినావా?"

"నువ్వు కదలని అన్నం తింటావు గదత్తా. నీతో ఏం కష్టం?"

పిల్లల్లేని లోటు ఇలా తీర్చుకుంటోందని వీధిలో అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆమెకు ఆ పని ఇష్టం, అంతే. మనిషికి ఒక పని ఇష్టమైతే దానికి ఇంకో లోటును కారణంగా చూపించాలా?

ముందు కాళ్ళు మొలిచాయి. వెనక కాళ్ళు కూడా వస్తే తొట్టిని బడికి తీసుకుపోయి పిల్లలకు చూపిస్తానని అన్న అందరికీ చెప్పుకున్నాడు. అంతలో ట్రైనింగుకు కర్నూలు పోవాల్సి వచ్చింది. "నీ మీద పెట్టిపోతాండా" అని వదినతో చెప్పి వెళ్ళాడు. ఆ వెనకే ఆళ్లగడ్డలో వాళ్ళమ్మకు బాగాలేదని కబురొస్తే వదిన కూడా బస్సెక్కింది.

మరునాడు సూర్యగ్రహణం. గ్రహణం విడిచాక మా ఇంట్లో నిలవ నీళ్ళు పారబోస్తారు, గరిక వేసిన పాత్ర జోలికి మాత్రం పోరు. వదినకు అది తెలుసు. పోయేముందు తొట్టిలో గరిక వేసింది, కుండల్లో వేయలేదు. వాళ్ళ పుట్టింట్లో ఇంటి కప్పు కింద ఉన్న నీళ్ళకే ఆ పట్టింపు. పెరట్లో ఉన్నవి బావి నీళ్ళతో సమానం. మా అమ్మకు లోపలా బయటా తేడా లేదు. గరిక ఉన్న తొట్టిని వేలితో కూడా తాకలేదు. లేని కుండలన్నిటినీ బోర్లించి, బూడిదతో తోమి ఎండలో పెట్టింది. కాన్పుకొచ్చి అక్కడే ఉన్న నన్ను, కడుపుతో ఉన్నానని పొద్దున్నుంచీ చీకటి గదిలో పడుకోబెట్టారు. నీళ్ళ చప్పుడు వినబడితే స్నానాలకు తోడుతున్నారనుకున్నాను.

తిరిగొచ్చిన వదిన ఆ కుండల వరస చూసి, "యాడ పోసినావత్తా?" అని మాత్రం అడిగింది.

"జామచెట్టు కింద. ఏమాయెనే?"

అక్కడ మన్ను అప్పటికే ఆరిపోయింది. వదిన చెరువుకు పోయింది, ఎండిపోయి ఉంది. కుందూ ఏటి మడుగుల్లో వెతికితే ఎర్రనీళ్ళు తప్ప ఏమీ లేవు. మళ్ళీ గడ్డి నానేసింది గానీ నూకలు పెరిగేదాకా ఆకలి ఆగదు కదా. ఆ పిల్లలు ఒకదాని కాళ్ళు ఒకటి కొరుక్కున్నాయి. అన్న వచ్చేసరికి తొట్టిలో వాడిపోయిన గరిక పోచ ఒక్కటే తేలుతోంది.

అన్న కేకలు వేయలేదు. "ఒక్క పోచ వేసింటే సరిపోయేది గదా" అన్నాడు.

"పారబోసింది నేను, దాన్నేమనాకు రా" అంది అమ్మ.

"వేయాల్సింది నేనే అత్తా" అంది వదిన.

అంతటితో ఆ మాట ఆ ఇంట్లో ఆగిపోయింది. అన్న గట్టిగా తిట్టినా బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిడితే ఆమె కూడా నాలుగు మాటలనేది, ఇద్దరూ తేలికపడేవాళ్ళు.

అన్న మళ్ళీ గుడ్లు తెప్పించలేదు. వదిన కుండలు ఎత్తలేదు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా అవి అక్కడే ఉండేవి, పచ్చటి నీళ్ళలో నూకలు గెంతుతూ. "తినేటివి లేవు గదా వదినా, ఎందుకివి?" అని ఒకసారి అడిగాను.

"రేపు గుడ్లొస్తే? తినేవాళ్ళు వచ్చినాక పొయ్యి ముట్టించే వంట గాదమ్మీ ఇది."

ఆ తర్వాత ఏ గ్రహణం వచ్చినా ప్రతి కుండలోనూ గరిక వేసి, బావిలో కూడా ఒక పోచ విసిరేది. మేం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది.

మొన్న అన్న నాతో, "మళ్ళా తెప్పిస్తే పాత బాధ గుర్తొస్తుందేమోనని ఊరకుంటి" అన్నాడు. ఆమె ఇన్నేళ్ళూ ఎదురుచూసిందని నేను ఏ నోటితో చెప్పేది? కానీ చెప్పాను. అన్న చాలాసేపు ఏడ్చాడు.

అది తర్వాతి సంగతి. ఆమెను తీసుకుపోయిన రోజు, ఆచారం ప్రకారం ఇంట్లో నీళ్ళన్నీ పారబోశారు. లోపలి బిందెలయ్యాక అమ్మ పెరట్లోకి వచ్చింది. అప్పుడే అన్న తడిబట్టలతో తిరిగొచ్చాడు. అమ్మను చూసి, బావి పక్కన వంగి గరిక పీకి, ఒక్కో కుండలో ఒక్కో పోచ వేయడం మొదలుపెట్టాడు.

"గ్రహణం గాదు గద నాయనా ఇది" అంది అమ్మ.

అన్న తర్వాతి కుండ దగ్గరికి జరిగాడు. అమ్మ ఎత్తబోయిన కుండను మెల్లగా దించేసింది. చివరి కుండలో పోచ పడగానే నూకలు ఒక్కసారి చెదిరి, కాసేపటికి మళ్ళీ దాని చుట్టూ చేరాయి.